చైన్ సా స్లోలో ఆగిపోతోందా? ఆ ఫార్వర్డ్ నమ్మకండి

వానలు మొదలయ్యే ముందు కొమ్మలు కొట్టించే రోజుల్లో హైదరాబాద్ కాలనీ గ్రూపుల్లో, మొయినాబాద్, శంకర్‌పల్లి వైపు ఫామ్‌హౌస్‌లున్నవాళ్ల గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ చక్కర్లు కొడుతుంటుంది. "చైన్ సా స్లోలో ఆగిపోతోందా? మెకానిక్ అక్కర్లేదు. ఐడిల్ స్క్రూ కుడికి రెండు రౌండ్లు తిప్పండి. గొలుసు కాస్త తిరిగినా ఏం కాదు. టూటీ ఆయిల్ కొంచెం ఎక్కువ పోయండి. మన ఎండలకు అలాగే ఆగుతుంది. అప్పటికీ వినకపోతే కార్బొరేటర్ మార్చెయ్యండి." స్లో అంటే ట్రిగ్గర్ వదిలేశాక ఇంజను ఊరికే తిరిగే వేగం, దాన్ని పెంచి తగ్గించేది ఐడిల్ స్క్రూ. టూటీ ఆయిల్ పెట్రోలులో కలిపేది, కార్బొరేటర్ పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజనుకు అందించేది. ఈ ఫార్వర్డ్‌లో ఎండ గురించిన మాట ఒక్కటే సగం నిజం. గొలుసు గురించిన మాటైతే ప్రాణం మీదికి తెచ్చేది, కాబట్టి దాంతోనే మొదలుపెడతాను.

చైన్ సా క్లచ్ బైకు క్లచ్‌లా చేత్తో పట్టేది కాదు. ఇంజను వేగం పెరిగితే లోపలి షూలు వాటంతటవే విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి, అప్పుడు గొలుసు తిరుగుతుంది. చాలా మిషన్లు స్లోలో నిమిషానికి 2,500 నుంచి 3,000 చుట్లు తిరుగుతాయి. ఆ వేగంలో షూలు ముడుచుకునే ఉండాలి, గొలుసు కదలకూడదు. ట్రిగ్గర్ వదిలేశాం కదా అని మనిషి ఒక అడుగు పక్కకు వేసేటప్పుడు, తెగిన కొమ్మను కాలితో తోసేటప్పుడు, గొలుసు ఇంకా తిరుగుతూ ఉంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. నిచ్చెన మీద నిలబడి చైన్ సా వాడొద్దని మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది, మన దగ్గర వినేదెవరు? ఇక నిచ్చెన మీద, అదీ ఆగని గొలుసుతో! స్లోలో గొలుసు కదులుతుంటే ఐడిల్ స్క్రూను ఎడమకు తిప్పి వేగం తగ్గించాలి. తగ్గించినా కదులుతుంటే క్లచ్ స్ప్రింగ్ సాగిపోయిందో, విరిగిందో. అది బాగయ్యేదాకా మిషన్ ముట్టుకోకూడదు.

ఇప్పుడు అసలు చిట్కా. స్టిల్ కంపెనీ మిషన్ల మీద 'ఎల్‌ఏ' అనీ, కొన్నింటి మీద 'టి' అనీ రాసి ఉండే ఆ స్క్రూ పెట్రోలును పెంచదు, తగ్గించదు. కార్బొరేటర్ లోపలి పలకను కొద్దిగా తెరిచి పెడుతుంది, అంతే. ట్రిగ్గర్‌ను వేలితో కాస్త నొక్కి ఉంచడానికీ దీనికీ తేడా లేదు. స్లోలో ఇంజనుకు పెట్రోలు అందకపోవడానికి కారణం ఏదైనా, అది అక్కడే ఉంటుంది. ఇంజను ఆగకుండా తిరుగుతుంది, దాంతోపాటు గొలుసూ తిరుగుతుంది.

ఆ కారణం చాలాసార్లు పోయినేడు ట్యాంకులో వదిలేసిన పెట్రోలే. మన వాడకం అలాంటిది. మే నెలలో నాలుగు రోజులు వాడి స్టోర్‌రూమ్‌లో పడేస్తాం, మళ్లీ మే వచ్చాకే గుర్తొస్తుంది. ఈలోగా పెట్రోలు ఆవిరైపోయి జిగురు మిగులుతుంది. కార్బొరేటర్‌లో అన్నిటికన్నా సన్నటి రంధ్రాలు స్లో స్పీడ్‌వి కాబట్టి ముందు మూసుకుపోయేవి అవే. ఫుల్ రేసులో బ్రహ్మాండంగా కోసే మిషన్ వదలగానే చచ్చిపోవడం అందుకే. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది వానాకాలం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొన్ని పాత మిషన్లలో పైపులు, డయాఫ్రమ్‌లు (కార్బొరేటర్‌లోని పల్చటి పొరలు) కూడా దానివల్ల తొందరగా పాడవుతాయి. ఆయిల్ కలిపిన పెట్రోలును నెలకు మించి ఉంచకండి. మిషన్ దాచేముందు ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా స్లోలో నడిపించండి.

స్క్రూ జోలికి పోయేముందు చూడాల్సినవి తేలికైనవే: కొత్త పెట్రోలు, గాలి ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, ట్యాంకులో పైపు చివర వేలాడే చిన్న ఫిల్టర్. అవి బాగుంటే ఇంజను వేడెక్కాక, స్లోలో పెట్రోలు ఎంత వెళ్లాలో చూసే 'ఎల్' స్క్రూ సంగతి చూడాలి. కుడికి తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, ఎడమకు తిప్పితే పెరుగుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే తడబడకుండా అందుకునేలా దాన్ని సరిచేశాకే ఐడిల్ స్క్రూ వంతు. ఫుల్ రేసు పెట్రోలును చూసే 'హెచ్' స్క్రూను టాకోమీటర్ (ఇంజను చుట్లు లెక్కపెట్టే మీటర్) లేకుండా తాకొద్దు. అక్కడ పెట్రోలు తక్కువైతే ఫుల్ రేసులో పిస్టన్ పట్టేస్తుంది.

ఫార్వర్డ్‌లో అసలే లేని లక్షణం ఇంకొకటి ఉంది. ట్రిగ్గర్ వదిలాక వేగం వెంటనే దిగదు, లేదా స్లోలో దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఇంజనులోకి ఎక్కడినుంచో దొంగగాలి వస్తోందన్నమాట. కార్బొరేటర్ వెనక రబ్బరు బూట్ పగిలి ఉండొచ్చు, ఇంజను ఇరుసు దగ్గరుండే క్రాంక్ సీల్ పోయి ఉండొచ్చు. వేగం ఎక్కువైందని ఐడిల్ స్క్రూ తగ్గించి పని కానిస్తే ఇంజను ఆ రోజుకు నడుస్తుంది, తర్వాత సీజ్ అవుతుంది. ప్రెషర్ టెస్ట్ చేయగలిగిన మెకానిక్ దగ్గరికి వెళ్లాల్సిన జబ్బు ఇదే.

ఆయిల్ ఎక్కువ పోయమనే సలహా ఎలా పుట్టిందో గానీ, పనిచేసేది తిరగబడి. పెట్రోలు, ఆయిల్ పాళ్లు 50:1 అంటే లీటరు పెట్రోలుకు 20 మి.లీ. ఆయిల్, 25:1 అంటే 40 మి.లీ. మీ మిషన్‌కు, మీరు వాడే ఆయిల్‌కు ఏది సరిపోతుందో మాన్యువల్ చెబుతుంది. అంతకు మించి పోస్తే ఆ మేరకు ఇంజనుకు అందే పెట్రోలు ఇంకాస్త తగ్గుతుంది. ఆ తేడా చిన్నదే. కానీ ప్లగ్‌కు మసి పడుతుంది, సైలెన్సర్ జాలీ మూసుకుపోతుంది, స్లో ఇంకా పాడవుతుంది.

ఎండ సంగతి. వేడిగాలి పల్చన కాబట్టి ఇంజనుకు గాలి కొంచెం తగ్గుతుంది. అంత మాత్రానికే మంచి మిషన్ ఆగదు. పది నిమిషాలు కోశాక ఆగిపోయి, కాసేపయ్యాక మళ్లీ స్టార్ట్ అయితే ఎండను తిట్టేముందు ట్యాంకు గాలి రంధ్రం చూడండి. అది మూసుకుపోతే పెట్రోలు తగ్గేకొద్దీ ట్యాంకులో వ్యాక్యూమ్ ఏర్పడి పెట్రోలు కదలదు. ఇంజను ఆపి, చల్లారాక మూత మెల్లగా వదులు చేసినప్పుడు గాలి లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, వెంటనే స్టార్ట్ అయిందంటే దొంగ దొరికినట్టే. వేడి మీద మాత్రం మూత తియ్యొద్దు, పెట్రోలు ఎగజిమ్మవచ్చు.

కార్బొరేటర్ మార్చడం ఆఖరి మాట. అంతకుముందు డయాఫ్రమ్ కిట్ వేయించండి, సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాల్లో మోడల్ నంబరు చెప్పి అడగండి. పాత డయాఫ్రమ్ గట్టిపడి అట్టముక్కలా ఉంటే జబ్బు అదే. స్టిల్ ఎం-ట్రానిక్, హస్క్‌వర్నా ఆటోట్యూన్ మిషన్లున్నవాళ్లు ఈ స్క్రూల కోసం వెతక్కండి. వాటిలో పెట్రోలు సెట్టింగ్ ఎలక్ట్రానిక్స్ చూసుకుంటుంది. ఫిల్టర్లు, ప్లగ్, పెట్రోలు సరిగ్గా ఉన్నా స్లో నిలవకపోతే నేరుగా సర్వీస్ సెంటర్‌కే.