తల వచ్చింది, మొండెం ఏదీ?

హోమ్ థియేటర్ కోసం కొన్న ప్రీయాంప్ ప్రాసెసర్ ఇంటికొచ్చిన రోజు బావగారు పెట్టె విప్పి, దాన్ని వెనక్కి తిప్పి, స్పీకర్ వైర్లు బిగించే చోటు కోసం వెతుకుతారు. దొరకదు. టార్చి వేసి మళ్ళీ వెతుకుతారు.

"ఏం పోయింది బావా?" అంటాడు బావమరిది.

"పోలేదురా, అసలు రాలేదు."

రాదు కూడా. ప్రాసెసర్ అంటే ఉత్త తలకాయ. అట్మాస్‌ను (తల పైనుంచి కూడా శబ్దం వినిపించే సినిమా సౌండ్ పద్ధతి) డీకోడ్ చేయడం, ఏ స్పీకర్‌కు ఏ శబ్దం పంపాలో తేల్చడం, వాల్యూమ్ చూసుకోవడం దాని వంతు. స్పీకర్‌ను కదిలించే కండ పవర్ ఆంప్‌ది. రెండూ ఒకే పెట్టెలో ఉంటే దాన్ని ఏవీ రిసీవర్ అంటారు. అది మరీ మామూలుగా ఉందని వద్దన్నది బావగారే.

సరే, ఆంప్ తేవాలి. ఎన్ని ఛానెళ్లది? అనుకున్న అమరిక 7.1.4. బావగారు మొదటి అంకె, అంటే చుట్టూ ఉండే స్పీకర్ల లెక్క, ఒక్కటే చూసుకుని ఏడు ఛానెళ్లది మోసుకొస్తారు. చివరి నాలుగూ సీలింగు స్పీకర్లు, వాటికీ కండ కావాలి. వెరసి 11. నడుమనున్న ఒకటి బేస్ పలికే సబ్‌వూఫర్, దానికి సాధారణంగా సొంత ఆంప్ లోపలే ఉంటుంది. సీలింగుకు కన్నాలు పడ్డాయి, స్పీకర్లు ఎక్కాయి, నాలుగూ మౌనవ్రతం. ఇంకో నాలుగు ఛానెళ్ల ఆంప్ వచ్చేదాకా అంతే. 16 ఛానెళ్ల ప్రాసెసర్ కొని అయిదు స్పీకర్లతో కాపురం వెళ్లదీసేవాళ్లూ ఉన్నారు, వాళ్ల బాధ వేరు.

ఇక కేబుళ్లు. ప్రాసెసర్‌లో ఆర్‌సీఏ (ఒకే పిన్ను ప్లగ్గు) అవుట్‌పుట్లు మాత్రమే ఉన్నాయి, ఆంప్‌కేమో ఎక్స్‌ఎల్‌ఆర్ (మూడు పిన్నుల ప్లగ్గు) ఇన్‌పుట్లే. ఆర్‌సీఏ నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్‌కు వెళ్లే కేబుల్‌తో పని జరుగుతుంది: సిగ్నల్ రెండో పిన్నుకు, మూడో పిన్ను ఒకటో పిన్నుతో కలిపి గ్రౌండుకు. మూడో పిన్నును గాలికి వదిలేస్తే కొన్ని ఆంప్‌లు హమ్ అంటూ రాగం తీస్తాయి. ఈ తంటా వద్దనుకుంటే డబ్బు కట్టకముందే రెండు పెట్టెల వెనక ఫొటోలూ పక్కపక్కన పెట్టుకుని చూడటమే. ముందు ప్యానెల్ ఎంత నిగనిగలాడినా దానికి కేబుల్ తగిలించలేం కదా.

ఆంప్‌ను ఆన్ చేయడానికి 12 వోల్టుల ట్రిగ్గర్ తీగ ఒకటుంటుంది. అది ప్రాసెసర్‌తో పాటు ఆంప్‌ను లేపుతుంది, పడుకోబెడుతుంది. దాన్ని పెట్టెలోనే వదిలేసి, చేత్తో ముందు ఆంప్, తర్వాత ప్రాసెసర్ ఆన్ చేశారనుకోండి, స్పీకర్లు 'ధబ్'మంటాయి, ఇంటిల్లిపాదీ పరిగెత్తుకొస్తారు.

అసలు వినోదం గది సర్దుబాటు దగ్గర. స్పీకర్లు చేసే పరీక్ష శబ్దాలను ప్రాసెసర్ మైకుతో విని, ఏది ఎంత దూరంలో ఉందో లెక్కగడుతుంది. మైకును సోఫా వీపు మీద నిలబెట్టకూడదు, కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో స్టాండుకు బిగించాలి, ఫ్యాన్ ఆపాలి, ఎవరూ దగ్గకూడదు. బావమరిది తుమ్ముతాడు. మళ్ళీ మొదలు. చివరికి సబ్‌వూఫర్ దూరం 5.4 మీటర్లు అని తెర మీద పడుతుంది. బావగారు టేపు పట్టి కొలిస్తే మూడే మీటర్లు! "మెషీన్ తప్పింది" అని మీసం దువ్వుకుని 3.0 అని దిద్దుతారు. అంతే, ముందు స్పీకర్లతో తాళం తప్పి బేస్ చప్పబడిపోతుంది. సబ్‌వూఫర్ లోపలి సర్క్యూట్లు శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తాయి. మైకు ఆ ఆలస్యాన్ని కూడా దూరంగా మార్చి చెప్పింది. టేపుకు ఆ సంగతేం తెలుసు?

5.4 తిరిగి ఎక్కాక అంతా పలుకుతుంది. డిస్‌ప్లే మీద వాల్యూమ్ మైనస్ 25.

"ఇంతా చేసి మైనస్‌లోనా బావా?"

సున్నా అంటే రిఫరెన్స్ స్థాయి, సినిమా హాలు మోత, ఇళ్లలో అంతదాకా వెళ్లేది తక్కువ అని చెప్పినా వాడి ముఖం విప్పారదు. కొన్ని ప్రాసెసర్లలో స్కేలును 0 నుంచి 98కి మార్చుకోవచ్చు, అప్పుడు మైనస్ 25 కాస్తా 55 అవుతుంది. మార్చారు. శబ్దం వీసమెత్తు మారలేదు.

"ఆఁ, ఇప్పుడు అదిరింది!" అన్నాడు బావమరిది.