అంచు సీటు ఉద్యోగం

బ్యాంకాక్‌లో ఆఖరి రోజు "ఇవాళ ఏ హడావుడీ లేదు, తీరిగ్గా తిరుగుదాం" అనే మాటతో మొదలవుతుంది. ప్యాకేజీవాళ్ళు చూపించాల్సినవన్నీ చూపించేశారు: రాజప్రాసాదం, 46 మీటర్ల పొడుగున పడుకున్న బుద్ధుడు, ఎవరూ అడగని రత్నాల దుకాణం. మిగిలింది గోల్డెన్ మౌంట్ అనే గుట్ట మీది గుడి. 300 పైచిలుకు మెట్లే అయినా గుట్ట చుట్టూ తిరుగుతూ మెల్లగా లేస్తాయి కాబట్టి మోకాళ్ళు పెద్దగా తిట్టుకోవు. దిగాక భర్తగారు ఫోన్లో మ్యాప్ తీసి, "టాక్సీ దేనికి? ఇదిగో ఫాన్‌ఫా రేవు. పడవెక్కి హువా ఛాంగ్‌లో దిగితే ఆ పట్టు వ్యాపారి జిమ్ థాంప్సన్ ఇల్లు పక్కనే" అంటారు.

ఆయన దారి చెప్పడంలో తప్పేం లేదు. తప్పంతా ఆ పడవ షికారుకి పెట్టింది అనుకోవడంలోనే. అది నడిచే సేన్ సేబ్ కాలవని 1837లో, మూడో రామ అనే థాయ్ రాజు హయాంలో, తూర్పున యుద్ధానికి సైన్యాన్నీ సరుకునీ పంపడానికి తవ్వడం మొదలుపెట్టారు. పడవలు నడిపేవాళ్ళకి యుద్ధం అయిపోయిన కబురు ఇంకా అందినట్టు లేదు. ఎక్కేవాళ్ళంతా ఆఫీసు జనం. మధ్య రేవుల్లో పడవ ఆగేది క్షణాలే. తాడు పట్టుకుని అంచు మీద కాలేసి లోపలికి దూకాలి.

ఫాన్‌ఫా మొదటి రేవు కాబట్టి అక్కడ మాత్రం పడవ కాసేపు నిలబడుతుంది. సీటు ఎంచుకునే వ్యవధి ఉంటుంది. కొంప మునిగేది అక్కడే. ఊరివాళ్ళు ఒక్కొక్కరే వచ్చి బల్లల మధ్యకి జరిగి కూర్చుంటారు. భార్య వాళ్ళని చూసి మధ్యలోకే వెళ్తుంది. భర్త మాత్రం ఖాళీగా ఉన్న అంచు సీటు చూసి, అతిథులకి వదిలారు కాబోలు అని మురిసిపోయి, అక్కడ కూర్చుని వీడియో మొదలెడతారు.

కాలవ ఇరుకు, రెండు వైపులా సిమెంటు గోడలు. ఎదురుగా ఇంకో పడవ అదే వేగంతో వస్తే రెండింటి అలలూ గోడకి కొట్టుకుని వెనక్కి తిరుగుతాయి. అందుకే పడవ పక్కల పొడుగునా ప్లాస్టిక్ తెర ఉంటుంది. దాన్ని లేపడానికి కప్పీల మీదుగా తాళ్ళు వేలాడుతుంటాయి. లాగే పని సిబ్బందిది కాదు, అంచున కూర్చున్నవాళ్ళది. జీతం లేదు, శిక్షణ అసలే లేదు.

"ఏమండీ, ఆ తాడేదో లాగమంటోంది నా పక్కనున్నావిడ."

"చల్లగాలి వస్తుంటే ఎందుకే? హాయ్ ఫ్రెండ్స్, ఇప్పుడు మనం..."

సరిగ్గా ఆ "మనం" దగ్గర నోరు తెరిచి ఉంటుంది. నగరం పొద్దున్నుంచి కడుక్కున్నదంతా ఆ కాలవలోనే ఉంటుంది. రుచి వర్ణించడం భావ్యం కాదు. ఈ పడవెక్కేటప్పుడు జేబులో చేతిరుమాలు ఉండాలి, ఎదురుపడవ కనిపిస్తే నోరు మూసుకోవాలి.

ఆ దెబ్బతో ఆయనకి ఉద్యోగం మీద భక్తి పుడుతుంది. తాడు గుంజి తెరని తల దాకా లేపేస్తారు. ఒక్కరే లాగితే తెర ఏటవాలుగా లేస్తుంది, పల్లం వైపున్నవాళ్ళు తడుస్తారు. ముందు వెనక వరసలవాళ్ళు కలిసి లాగాలి. ఇంతలో బట్టల బజారున్న బోబే రేవు వస్తుంది. రేవు రాగానే తెర దించాలన్నది ఉద్యోగంలో రెండో సగం. అది తెలియక ఆయన బిగబట్టి కూర్చుంటే, ఎక్కేవాళ్ళు తెరని తొక్కుకుంటూ మూటలతో సహా ఆయన ఒడిలోకి దిగుతారు.

టికెట్లిచ్చే మనిషి హెల్మెట్ పెట్టుకుని పడవ బయటి అంచు మీదే నడుస్తుంటాడు. వంతెనలు అంత కిందకి ఉంటాయి మరి. కొన్నిచోట్ల పైకప్పునీ దించుతారు. ఛార్జీ పది, ఇరవై బాత్‌ల్లో తేలిపోయేది. ఆయన ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో తడిసిన 1000 బాత్‌ల నోటు అందిస్తారు. ఆ మనిషి ఏమీ అనడు, హెల్మెట్ సర్దుకుంటాడంతే. భార్య పర్సులోంచి రెండు ఇరవైలు తీసి గొడవ తీరుస్తుంది.

తెర లేచి ఉంటే రేవు బోర్డులు కనపడవు, ఇంజన్ హోరులో పేర్లు వినపడవు. మ్యాప్‌లో నీలం చుక్క చూసుకుంటూ ఉండాలి, కానీ ఫోనున్న చెయ్యే తాడు పట్టుకుని ఉంది. హువా ఛాంగ్ అలా దాటిపోతుంది. తర్వాతది ప్రతూనామ్, అక్కడ అందరూ దిగాల్సిందే. ఇంకా తూర్పుకి పోయేవాళ్ళు టికెట్ దాచుకుని వేరే పడవలోకి పరుగెడతారు.

వెనక్కి నడిస్తే పావుగంటా ఇరవై నిమిషాలు. కానీ ప్రతూనామ్ అంటే హోల్‌సేల్ బట్టల పేట.

"ఎలాగూ దిగాం కదండీ, మీకూ పొడి చొక్కా కావాలిగా" అంటుంది, ఒక్క చుక్క కూడా పడని భార్య.

అక్కడ చాలా దుకాణాల్లో మూడు తీసుకుంటేనే హోల్‌సేల్ ధర. అందుకని ఆయనకి మూడు టీషర్టులు కొంటారు, మూడింటి మీదా ఏనుగులే.