ఉత్తరం వైజాగుకి, బండి బరంపురంలో

కార్ల కంపెనీలను తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. ఎయిర్‌బ్యాగులో లోపం ఉందని తేలాక, కొన్నేళ్లు ఆలోచించైనా సరే, పాపం వాళ్లు బండి తెస్తే ఉచితంగా మారుస్తామని ఉత్తరం రాస్తారు. దీన్నే రీకాల్ అంటారు. ఆ ఉత్తరం మొదటి ఓనరుకి వెళ్తుంది. ఆయన వైజాగులో ఉంటాడు. బండేమో ఇచ్ఛాపురంలో చేతులు మారి ఒడిశాలోని మా బరంపురం చేరి, ఏపీ 31 నంబరుతోనే గోపాల్‌పూర్ బీచికి షికార్లు కొడుతుంటుంది. పక్క రాష్ట్రం బండిని 12 నెలలు దాటి వాడితే ఇక్కడి నంబరు వేయించాలని చట్టం. మావాళ్లకు చట్టమంటే మహా గౌరవం. అందుకే దాని జోలికి పోరు.

జపాన్‌కు చెందిన టకాటా కంపెనీ బ్యాగుని ఉబ్బించడానికి అమ్మోనియం నైట్రేట్ అనే పేలుడు మందు వాడింది. చవక కదా! ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే ఆ మందు పాడై, గుద్దుకున్న క్షణంలో మరీ గట్టిగా పేలుతుంది. దాని లోహపు డబ్బా ముక్కలై, బ్యాగుని చీల్చుకుని డ్రైవరు మెడలో దిగుతుంది. ప్రపంచవ్యాప్తంగా దాదాపు 10 కోట్ల ఇన్‌ఫ్లేటర్లను, అంటే ఈ మందు డబ్బాలను, వెనక్కి పిలిచారు. కంపెనీ 2017లో అమెరికాలో నేరం ఒప్పుకుని, ఆ ఏడాదే దివాలా తీసింది. అక్కడ ఉక్కపోత ఎక్కువుండే తీర రాష్ట్రాల బండ్లకు ముందుగా మార్చాలన్నారు. వానాకాలంలో ఆరేసిన చొక్కా మర్నాటికీ ఆరని ఊరు మాది. మేం పుట్టినప్పటి నుంచీ భరిస్తున్న ఉక్కని ఆ మందు పదేళ్లు కూడా ఓర్చుకోలేదంటే, తప్పు మా వాతావరణానిది కాదు, దాని పెంపకానిది.

సెకండ్‌హ్యాండు బ్రోకరుని అడిగి చూడండి. తాళం తిప్పి మీటరు చూపిస్తాడు. "చూడండి సార్, ఎయిర్‌బ్యాగు లైటే వెలగట్లేదు. మీకేం టెన్షన్ లేదు." తాళం తిప్పగానే ఆ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగలేదంటే బల్బు పీకేశారని అనుమానించాలి. పోనీ సరిగ్గానే వెలిగి ఆరిందనుకోండి, డబ్బాలో మందు చెడిన సంగతి లైటుకేం తెలుస్తుంది?

అలాగని బండి అడ్రసు ఎవరికీ దొరకదని కాదు. టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్ దాన్ని రెప్పపాటులో గుర్తుపట్టి డబ్బు కోసుకుంటుంది. ఇన్సూరెన్సు అయిపోయే ముందే కొత్త ఓనరు ఫోను మోగుతుంది. తీసుకునేవాళ్లందరికీ దారి తెలుసు; ఊరికే ఇచ్చేవాడే పాపం పాత అడ్రసు పట్టుకుని తిరుగుతున్నాడు. రీకాల్ చేయమని కంపెనీని ఆదేశించే అధికారం కేంద్రానికి 2019 చట్ట సవరణతో వచ్చింది. అంతకుముందు అంతా కంపెనీల మంచి మనసే!

ఆర్సీ మీద 17 అక్షరాల, అంకెల ఛాసిస్ నంబరుంటుంది. కంపెనీ వెబ్‌సైటులో కొడితే రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది, ఉంటే ఉచితంగా మారుస్తారు. ఈ మాటే మా బావమరిదికి చెప్పాను. "ఉచితంగానా? వద్దు బావా, బండి లోపలికి తీసుకెళ్లి ఒరిజినల్ పార్టులు కొట్టేస్తారు!"