సర్కారు కంపముల్లు గారి దివ్యసముఖానికి

అయ్యా,

కడప నుంచి ఒక సైకిలు బాధితుడు రాసుకొను విన్నపము. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. మన ఇద్దరిలో కుశలంగా ఉన్నది తమరొక్కరే కనుక నేరుగా విషయానికే వస్తాను.

ఈ ఏడు 200 కిలోమీటర్ల బ్రెవే తొక్కి తీరాలని జనవరిలో ఒట్టు పెట్టుకున్నాను. బ్రెవే అంటే దూరాల సైకిలు సవారీ, పందెం కాదు, ఎవరు ముందొచ్చారని ఎవరూ అడగరు. పదమూడున్నర గంటల్లో ముగించాలి, కంట్రోల్ పాయింట్ల దగ్గర కార్డు మీద ముద్ర వేయించుకోవాలి, దారిలో పంచరైనా గించరైనా ఎవరి తంటాలు వాళ్లే పడాలి. గడియారం మాత్రం ఆగదు. టీ తాగినా, ముల్లు పీకినా, చెట్టు కింద కూలబడి ఏడ్చినా తిరుగుతూనే ఉంటుంది. ఇది గట్టెక్కితే ఆపైన 300, 400, 600 ఉన్నాయి. ఈ నాలుగూ ఆ ఏడాదిలోనే ముగించినవాళ్లకు, నాలుగేళ్లకోసారి ఫ్రాన్సులో జరిగే పారిస్–బ్రెస్ట్–పారిస్ సవారీ భాగ్యం: 1200 కిలోమీటర్లు, 90 గంటలు. మళ్లీ 2027లో. నేనైతే పాస్‌పోర్టుకు ఫొటో కూడా దిగి పెట్టుకున్నాను.

కడపకు పారిస్ దూరమని అందరూ అన్నారు. తమరి దయవల్ల కమలాపురమే దూరమైపోయింది.

వల్లూరు దాటితే చాలు, వెనక చక్రం తుస్సుమంటుంది. మొదట్లో నా ఖర్మ అనుకున్నాను. తర్వాత తమరి చరిత్ర చదివాను. ధాత కరువు నడుస్తున్న రోజుల్లో, 1877లో, తమరి విత్తనాలను జమైకా నుంచి తెప్పించి నాటింది మరెక్కడో కాదట, మన కమలాపురంలోనేనట! అంటే ప్రతి ఆదివారం నేను తొక్కుతున్నది తమరి మెట్టినింటి వాకిట్లో. చెప్పకుండా వచ్చినవాడికి ఆ మాత్రం మర్యాద జరగాల్సిందే.

సర్కారు పిలిచి కొలువిచ్చిన ఉద్యోగి తమరు. నూటయాభై ఏళ్లు కావస్తోంది, బదిలీ లేదు, రిటైర్మెంటు లేదు. నరికితే మొదట్లోంచి నాలుగింతలు చిగురిస్తారు. ఆకు మేక ముట్టదు, కాయ తియ్యగా ఉంటుంది కనుక అది మాత్రం నమిలి, గింజను కడుపులో మోసుకెళ్లి, పెంటికలతో సహా పక్క ఊళ్లో దింపుతుంది. రవాణా ఉచితం, ఎరువు ఉచితం. బొగ్గుల బట్టీవాళ్లు తమరి పేరు చెప్పుకొని నాలుగు మెతుకులు తింటున్న మాట నిజమే, కాదనను. కానీ కంప కొట్టి ట్రాక్టరు మీద తోలేటప్పుడు రోడ్డు పొడుగునా రాలే ఆ చిల్లర ముళ్లున్నాయే, అవన్నీ నా ఖాతాలోకే.

పైగా తమరి పనితనం! గుచ్చి ఊరుకుంటే సరిపోయేది. మొన విరిగి టైరు లోపలే దాక్కుంటుంది. ఆ సంగతి తెలియక కొత్త ట్యూబు ఎక్కించి, చేతిపంపుతో తొంభై పీఎస్ఐ దాకా రెక్కలు పడిపోయేలా కొట్టి, ఫర్లాంగు పోకముందే మళ్లీ తుస్సు. టైరు లోపల దూది పెట్టి చుట్టూ తిప్పితే అది తట్టుకున్నచోట మొన దొరుకుతుందని మార్చిలో గానీ తెలిసిరాలేదు.

ఒకరోజు రెండు ట్యూబులూ అయిపోయి, సైకిలు తోసుకుంటూ రోడ్డు పక్క పంచరు షాపుకు చేరాను. సన్న వాల్వు చూసి ఆయన తల గోక్కున్నాడు. ఆయన గాలి మిషను మూతికి అది పట్టదు.

"యాడికి సామీ, ఇంత పొద్దున్నే?"

"కమలాపురం పోయి తిరిగొస్తానన్నా."

"ఆడేం పనుంది?"

"ఏం లేదు."

పనేం లేకుండా కమలాపురం పోయొచ్చే మనిషిని ఆయన సర్వీసులో చూసినట్టు లేదు. తొట్టిలో ముంచిన ట్యూబును తేల్చి, బుడగల వంక జాలిగా చూసి, "బస్సులుండాయి గదా" అన్నాడు.

మోకాలు పది రోజులు తినేసింది, మే నెల ఎండ మిగతా రోజులు తినేసింది. అవన్నీ చిన్న విషయాలు, వాటికి వేరే లేఖలు రాసుకుంటాను.

పోయిన నెల బెంగుళూరు వైపు బ్రెవేకు వెళ్లాను. నాలుగు ట్యూబులు, పదహారు అతుకులు, సొల్యూషను, దూది, పటకారు. జేబులు చూసి పక్కవాడు రిపేరు షాపు పెడుతున్నావా అన్నాడు. ఆ రోజంతా ఒక్క ముల్లు లేదు. ఒక్కటంటే ఒక్కటి! నూట నలభై దగ్గర తొడలు పట్టేశాయి. ముగింపుకు చేరేసరికి టైమైపోయి నలభై నిమిషాలు. కార్డు తీసుకున్నాయన "ఏమైంది, పంచరా?" అని మర్యాదగా అడిగాడు.

ఏం చెప్పను? ఆరు నెలలుగా ముప్పై కిలోమీటర్లు దాటితే ఒట్టు. ఎండ ఎక్కిన ప్రతిసారీ, గాలి ఎదురొచ్చిన ప్రతిసారీ, తమరు దిగారన్న వంకతో వెనక్కి తిరిగి ఇంటికొచ్చి ఉగ్గాని తిని పడుకున్నాను. నిజం చెప్పాలంటే రెండుసార్లు తమరు దిగకపోయినా దిగారని ఇంట్లో చెప్పాను. ఆ సాయంత్రం తిట్టడానికి ఎవరూ దొరక్క దిక్కులు చూస్తుంటే, తమరే గుర్తొచ్చారు.

ఇట్లు,
తమరి కిలోమీటర్ల బాకీదారు

తా.క.: వచ్చే ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు మళ్లీ బయల్దేరుతున్నాను. దిగక తప్పదనుకుంటే ముందు చక్రంలో దిగండి. వెనకదైతే చైను మసి బట్టలకంటుతోంది, ఇంట్లో ఊరుకోవడం లేదు.