ముందు ఆరడుగులు నడవనివ్వండి, గోడకు బొమ్మలు తర్వాత

తిరుపతిలో ఏ రోడ్డుకైనా "అభివృద్ధి" అని పేరు పెడితే జరిగేది ఒకటే. డివైడర్‌లో మొక్కలు, స్తంభాలకు రంగు లైట్లు, గోడకు దేవుడి బొమ్మలు. దాన్ని సుందరీకరణ అంటారు. తప్పేం లేదు, పండక్కి ఇంటికి సున్నం కొట్టినట్టు. కానీ సున్నం కొడితే ఉరిసే మిద్దె ఉరవడం మానుతుందా? రైలు దిగి, నెత్తిన మూట, చంకన బిడ్డతో గోవిందరాజస్వామి గుడి దాకా నడిచే మనిషికి డివైడర్ మొక్క నీడనివ్వదు.

"కాలిబాట ఉంది కదా సామీ" అంటారు. టేపు పెట్టి చూడండి. రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు ఉండాలి. చక్రాల కుర్చీలు రెండు ఎదురుపడినా తప్పుకుని పోగలగాలి, అందుకని ఆ కొలత. అంగళ్లుండే వీధుల్లో 2.5 మీటర్లు. తల మీద 2.2 మీటర్ల దాకా బోర్డు గానీ కొమ్మ గానీ తగలకూడదు. మన దగ్గర కట్టేటప్పుడు వెడల్పు బాగానే చూపిస్తారు. తర్వాత అందులోకే కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, అంగడి మెట్లు వచ్చి చేరతాయి. మిగిలేది రెండడుగులు. చూపులేనివాళ్ల కోసం వేసిన పసుపు టైల్స్ నేరుగా పోయి స్తంభానికి గుద్దుకునే చోట నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఎత్తు సంగతి ఇంకా అన్యాయం. కాలిబాట అంచు 150 మిల్లీమీటర్లకు మించకూడదు. మనమేమో కాలువ గోడ ఎంత లేస్తే బాట అంత లేపుతాం. అడుగు ఎత్తుంటే మోకాళ్ల నొప్పులున్న అవ్వ ఎక్కదు, రోడ్డు మీదే పోతుంది. ఆమెను "కాలిబాట వాడరు" అని తిట్టే హక్కు ఎవరికీ లేదు. చక్రాల కుర్చీ దిగాలంటే వాలు 1:12 ఉండాలి. 150 మిల్లీమీటర్ల ఎత్తుకు 1.8 మీటర్ల పొడవు వాలు చాలు, అడుగు ఎత్తుకు 3.6 మీటర్లు కావాలి. అంత చోటు ఎక్కడిది? ఎత్తు తగ్గించడం తప్ప దారి లేదు. ఇళ్ల గేట్ల దగ్గరా మనది తిరగేసిన పనే. బండి లోపలికి పోవాలని బాటనే కోసి వాలుగా చేస్తారు, నడిచేవాళ్లు గేటుగేటుకూ దిగి ఎక్కుతుంటారు. బాట సమంగా పోవాలి, వాలు రోడ్డు అంచు పట్టీలో రావాలి. బండి ఆ ఒక్క చోట ఎక్కి దిగితే దాని సొమ్మేం పోదు.

ఇప్పుడు నీళ్లు. ఉత్తరాన శేషాచలం, దక్షిణాన స్వర్ణముఖి. కొండ నీళ్లు ఊరి గుండానే కిందికి పోవాలి, మధ్యలో రైలు కట్ట అడ్డం. దిగిపోయే దారుల్లో అండర్ బ్రిడ్జిలూ ఉన్నాయి కాబట్టే గట్టి వాన పడితే అక్కడ చెరువులవుతాయి. 2021 నవంబరులో ఊరంతా చూసింది. ఇంత తెలిసీ రోడ్డు వేసేటప్పుడు పాత తారు గీకరు. దాని మీదే 40, 50 మిల్లీమీటర్ల పొర పరుస్తారు. నాలుగు సార్లు అట్లా వేస్తే ఏడంగుళాలు. ఇల్లు గుంతలో పడిపోతుంది, కాలువలోకి నీళ్లు దిగే రంధ్రం తారు కింద పూడిపోతుంది. టెండర్‌లో "మిల్లింగ్", అంటే పాత తారు గీకడం, అనే ఒక్క పని ఉందా లేదా అని అడగండి చాలు.

మలుపులు చూద్దాం. మాడ వీధుల్లో మూలలకు ఎంత చోటు కావాలో రథమే చెప్పింది. ఇవాళ్టి ఇంజినీర్లు "డిజైన్ వాహనం" అనేది అదే. చిక్కెక్కడంటే, లారీ ఎప్పుడో రాత్రి వచ్చే కాలనీ మూలను కూడా లారీ కొలతకే గుండ్రంగా కొట్టేస్తాం. అప్పుడు కారు బ్రేకు తొక్కకుండా తిరుగుతుంది. అదే మూలను బిగిస్తే వేగం దానంతటదే పడుతుంది, దాటాల్సిన దూరమూ తగ్గుతుంది. నాలుగు వరుసల రోడ్డు 14 మీటర్లు. సెకనుకు 1.2 మీటర్లు నడిచే కుర్రోడికి 12 సెకన్లు పడుతుంది, 0.9 నడిచే పెద్దాయనకు దాదాపు 16. శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ మీద బండ్లు హాయిగా పోతున్నాయి, మంచిదే. కింద స్తంభాల మధ్య దాటేవాళ్ల సెకన్లు ఎవరు లెక్కపెట్టారు?

ఇదంతా ఎవర్నడిగి చేయాలి? మాస్టర్ ప్లాన్ అభ్యంతరాలకు పిలుస్తారు, నిజమే. 1:10,000 స్కేలు మ్యాపులో 9 మీటర్ల వీధి ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. దాని మీద పూలమ్మే అక్క ఏం అభ్యంతరం చెబుతుంది? 1:200లో గీస్తే అదే వీధి నాలుగున్నర సెంటీమీటర్ల వెడల్పు. 300 మీటర్ల వీధి మీటరున్నర ఫ్లెక్స్‌లో పడుతుంది. దాన్ని కాన్ఫరెన్స్ హాల్లో కాదు, ఆ వీధి టీ అంగడి ముందర పరవాలి. పొద్దున 6కి పూలవాళ్లు, సాయంత్రం 4కి బడి పిల్లలు, 7కి ఆటోవాళ్లు. భయమేసే చోట ఎర్ర బొట్టుబిళ్ల, బాగున్న చోట పచ్చది అతికించమంటే చదువు రానివాళ్లూ చెబుతారు. వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ, ఎమినిటీస్ సెక్రటరీ ఉన్నారు, ఇది వాళ్లు చేయగల పనే. తర్వాత కొత్త అంచును సున్నంతో గీసి, ఇసుక మూటలు పేర్చి రెండు వారాలు వదలాలి. బస్సు మూల తిరగలేకపోతే మూట జరపొచ్చు, కాంక్రీటు జరపలేం. వచ్చిన ప్రతి సూచనకూ "తీసుకున్నాం" అనో, "కుదరదు, ఎందుకంటే" అనో రాసి సచివాలయం గోడకు అంటించాలి. ఆ "ఎందుకంటే" లేని సమావేశం టీ బిస్కెట్ల ఖర్చు.

ఒక జాగ్రత్త. ఇట్లాంటి మీటింగులకు అంగళ్ల యజమానులే ఎక్కువ వస్తారు, పార్కింగ్ పోతే బేరం పోతుందంటారు. వాదించొద్దు, బేరానికి ఎవరు దేంట్లో వస్తున్నారో గంటసేపు లెక్కపెట్టి చూపించండి. ఒక కారు ఆగే చోటు పన్నెండున్నర చదరపు మీటర్లు. అందులో ఆరు బైకులు పడతాయి. తోపుడు బండ్లవాళ్లను అడ్డమని తరిమే ముందు 2014 వీధి వ్యాపారుల చట్టం చదవాలి. జనాభాలో 2.5 శాతం దాకా వీధి వ్యాపారులకు చోటు చూపాలంటుంది, ఆ చోట్లు చూసే ఊరి కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వాళ్లే ఉండాలంటుంది. 2011 లెక్కల్లో మన నగర జనాభా 2.87 లక్షలు. ఆ లెక్కన ఏడు వేల మంది పైచిలుకు.

చివరికి అందరూ అనే మాట, "చోటేదీ?" అని. 30 అడుగుల వీధి 9 మీటర్లు. రెండు వైపులా 1.8 చొప్పున బాట, 3.5 మీటర్ల బండ్ల దారి, మిగిలిన 1.9లో బైకులూ తోపుడు బండ్లూ. సరిపోయింది. కాకపోతే వన్‌వే చేయాలి. చుట్టూ తిరిగి రావాలా అని గొణుగుతారు. మాడ వీధుల్లో స్వామివారి వాహనమే ఎప్పట్నుంచో ఒకే వైపు తిరుగుతోంది, మన స్కూటరుకేం వచ్చె?