సప్లయర్ ప్రశ్నావళి గారికి, బాలానగర్ నుంచి

గౌరవనీయులైన సప్లయర్ సస్టెయినబిలిటీ ప్రశ్నావళి గారికి,

ఉభయకుశలోపరి. పర్యావరణం, మానవ హక్కుల వంటి వాటిపై ప్రశ్నలతో తమరు ఆరు షీట్ల ఎక్సెల్ రూపంలో మా మెయిల్‌కు దయచేశారు. గడువులోగా నింపకపోతే వెండర్ కోడ్ బ్లాక్ చేస్తామని, అంటే ఇక ఆర్డర్లు ఉండవని, మా సరుకు కొనే పెద్ద కంపెనీవాళ్ల హెచ్చరిక కూడా వెంట వచ్చింది. మాది హైదరాబాద్ బాలానగర్‌లో రెండు లేతులు (లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రాలు), కంప్యూటర్‌తో నడిచే ఒక సీఎన్‌సీ మిషన్ ఉన్న చిన్న షెడ్డు. బుష్‌లు, షాఫ్ట్‌లు లాంటి యంత్ర భాగాలు చేసి ఇస్తాం. ఇంత పెద్దవాళ్లు మా గడప తొక్కడం ఇదే మొదటిసారి, మర్యాదల్లో లోటుంటే మన్నించాలి.

తమ వంశం గురించి వాకబు చేశాను. కంపెనీల సస్టెయినబిలిటీ నివేదికలకు ప్రమాణాలు రాసే, 1997లో అమెరికాలో పుట్టిన జీఆర్‌ఐ, కంపెనీల బాధ్యతల కోసం 2000లో ఐక్యరాజ్యసమితి మొదలుపెట్టిన గ్లోబల్ కాంపాక్ట్, సామాజిక బాధ్యతపై 2010 నాటి అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 26000 తమ పెద్దలు. షేర్ మార్కెట్‌ను నియంత్రించే సెబీ వారి బీఆర్‌ఎస్‌ఆర్ అనే బాధ్యతా నివేదిక తమ తోబుట్టువు. దాన్ని 2022-23 నుంచి మార్కెట్ విలువలో ముందున్న వెయ్యి లిస్టెడ్ కంపెనీలు నింపి తీరాలి. సరుకిచ్చేవాళ్ల వివరాలంటారా, అవి సెబీ అడిగింది పై 250 కంపెనీలనే. అదీ కొనుగోళ్లలో కనీసం 2 శాతం వాటా ఉన్నవాళ్ల గురించే, పైగా ఇష్టమైతేనే. నా బిల్లులన్నీ కలిపినా ఆ కంపెనీ క్యాంటీన్ టీ ఖర్చు దాటవు. అయినా గచ్చిబౌలిలోని ఆ కంపెనీ ఆఫీసులో ఎవరో సప్లయర్ల లిస్టు మొత్తం సెలెక్ట్ చేసి సెండ్ కొట్టారు.

సరే, జవాబులు చిత్తగించండి.

బోర్డులో మహిళల శాతం అడిగారు. యాభై. భాగస్వాములం నేనూ, మా ఆవిడా. చెక్కుల మీద సంతకం ఆవిడదే కాబట్టి వంద అని రాద్దామనుకున్నాను, అడిగితే ఆవిడే వద్దంది. జీవవైవిధ్యంపై మా ప్రభావం అడిగారు. షెడ్డు వెనక గోడ పగులులో ఒక రావి మొక్క ఉంది, ఎన్నిసార్లు పీకినా మళ్లీ వస్తుంది. ప్రభావం దానిదే, మా గోడ మీద. స్కోప్ 2 ఉద్గారాలు, అంటే కొన్న కరెంటు వల్ల వెలువడే కార్బన్, అడిగారు. మాకది కరెంటు బిల్లే. యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ అని కేంద్ర విద్యుత్ అథారిటీ లెక్క, గుణించి రాశాను. నెట్ జీరో, అంటే ఉద్గారాల నికర లెక్క సున్నా, ఎప్పటికి అన్నారు. బ్యాంకు ఖాతాలో ప్రతి నెలా పదో తారీఖుకల్లా సాధిస్తున్నాం.

రెండో షీట్‌లో మానవ హక్కుల పాలసీ, అవినీతి నిరోధక పాలసీ, విజిల్ బ్లోయర్ (లోపలి తప్పులు బయటపెట్టేవాళ్ల) పాలసీ పీడీఎఫ్‌లు అడిగారు. కూకట్‌పల్లిలో ఒకాయన అన్నీ కలిపి సెట్టుగా అమ్ముతున్నాడు. కంపెనీ పేరు రావాల్సిన చోట పసుపు రంగు పూసి ఉంటుంది, మన పేరు కొట్టుకోవడమే. మా పక్క షెడ్డాయన ఒకచోట మార్చడం మరిచిపోయి, ఏదో రొయ్యల కంపెనీ మానవ హక్కులను అప్‌లోడ్ చేశాడు. ఫుల్ మార్కులు వచ్చాయి. అదే మనిషి ఐఎస్ఓ 26000 సర్టిఫికెట్ కూడా ఇప్పిస్తానన్నాడు. తాను మార్గదర్శకాన్నే తప్ప సర్టిఫికెట్ ఇవ్వడానికి పుట్టలేదని ఆ ప్రమాణమే రాసుకుంది కదయ్యా అంటే, "ఫ్రేమ్ కట్టించి ఇస్తాం సార్" అన్నాడు.

తమరిలో మంచి ప్రశ్న ఒకటుంది, కాదనను. వాడేసిన కూలెంట్ (లోహం కోసేటప్పుడు చల్లబరిచే ద్రవం), నూనె ఎటు పోతున్నాయి అన్నది. ఈ పేటలో అది ఎవరో ఒకరు గట్టిగా అడగాల్సిందే. ఇక్కడ మోరీలో పోసింది కూకట్‌పల్లి నాలా పట్టుకుని హుస్సేన్ సాగర్‌కు చేరుతుంది. మేం డ్రమ్ములో పట్టి, అనుమతి ఉన్న రీసైక్లర్‌కే ఇస్తాం, రసీదులున్నాయి. పాలసీలకు షీట్లకు షీట్లు కేటాయించిన తమరు దీనికి ఇచ్చింది మాత్రం అవును, కాదు అనే రెండు గడులే. రసీదు జతచేద్దామంటే బటన్ లేదు.

తమరు అసలే అడగనిది ఒకటుంది. ఉగాదికి ఇచ్చిన సరుకుకు బోనాలు దాటినా పేమెంటు రాలేదు. అకౌంట్స్‌కు ఫోన్ చేస్తే స్టోర్స్ నుంచి జీఆర్‌ఎన్ (సరుకు ముట్టిందనే చీటీ) రాలేదంటారు. స్టోర్స్‌కు చేస్తే "క్యూసీ కాడ ఆగిందన్నా" అంటారు, అంటే నాణ్యత తనిఖీలో. ఆ బుష్‌లు ఈపాటికి ఏ మిషన్‌లోనో తిరుగుతూ ఉంటాయి. చిన్న పరిశ్రమల కోసం చేసిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందం ఏదైనా చెల్లింపు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. ఫిర్యాదుకు ప్రభుత్వ పోర్టల్ ఉంది. అక్కడికెళ్తే బాకీ వస్తుందేమో గానీ తర్వాతి ఆర్డరు రాదు. రాని ఆ డబ్బు మీద జీఎస్టీ మాత్రం మరుసటి నెలలోనే కట్టేశాను, జీతాలకు ఓడీ (బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) తీశాను. చట్టం ప్రకారం పెద్ద కంపెనీల సీఎస్ఆర్, అంటే సామాజిక బాధ్యత ఖర్చు, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం. ఓడీ వడ్డీ రూపంలో ఆ కంపెనీకి నేను చేస్తున్న సీఎస్ఆర్ అంతకంటే ఎక్కువే.

సప్లయర్లకు ఎన్ని రోజుల్లో చెల్లిస్తున్నారో బీఆర్‌ఎస్‌ఆర్ అడుగుతుందని తమరు అనవచ్చు. అడుగుతుంది, సగటు. ఉక్కు అమ్మే పెద్దాయనకు వారంలో పడే కోట్లూ, నాకు పడని వేలూ కలిపి ఒకే అంకె. అందులో నన్ను వెతికి పట్టుకోవడం సెబీ తరం కూడా కాదు.

కిందటేడు ఆ కంపెనీ రిపోర్టు చూశాను. చిన్న సప్లయర్ల మీద ఒక పేజీ, నిండా ఫొటో. కుర్రాడు కొత్త తెల్ల గ్లౌజులు తొడుక్కుని తిరుగుతున్న లేతు ముందు నవ్వుతున్నాడు. మా షెడ్డులో ఎవడైనా గ్లౌజులతో తిరిగే చక్ (లేతులో లోహపు ముక్కను పట్టుకునే భాగం) దగ్గరికి వెళ్తే మా ఫోర్‌మన్ చెంప పగలగొడతాడు. గ్లౌజు చుట్టుకుంటే ముందు పోయేది చెయ్యే. ఆ ఫొటో కింద కార్మికుల భద్రత అని రాసుంది.

చివరి షీట్‌లో ఇతర వ్యాఖ్యలకు 250 అక్షరాలు ఇచ్చారు. రావాల్సిన ఇన్‌వాయిస్‌ల నంబర్లు, తేదీలు, మొత్తాలు అందులో కొట్టాను. ఇక్కడ అంకెలు చెల్లవంటూ గడి ఎర్రబడింది. అంకెలన్నీ అక్షరాల్లో రాసి మళ్లీ పంపుతున్నాను, స్వీకరించగలరు.

ఇట్లు,
తమ వాల్యూ చెయిన్‌లో చిట్టచివరి లింకు