చిన్నదే కదా బావా

మా బావమరిదికి గ్రీన్‌కార్డ్ వచ్చింది. పన్నెండేళ్లు వరుసలో నిలబడి తెచ్చుకున్నాడు కాబట్టి, లేక లేక పుట్టిన బిడ్డను చూసుకున్నట్టు చూసుకుంటున్నారు ఆ కార్డుని. ఒహాయోలో వాళ్లింట్లో దానికి బారసాల చెయ్యడం ఒక్కటే తక్కువ.

బారసాలకైతే వెండి గిన్నె ఇస్తాం. గృహప్రవేశానికి గోడ గడియారం ఇస్తాం. గ్రీన్‌కార్డ్‌కి ఏమివ్వాలో మన పెద్దలు చెప్పిపోలేదు. "వాడినే అడగండి, పోయేదేముంది" అంది మా ఆవిడ. టెక్సస్ నుంచి ఫోన్ చేసి అడిగాను.

"ఒక .22 రివాల్వర్ ఇప్పించు బావా. చిన్నదే" అన్నాడు.

ఈ మాటకి పాఠకులు ఉలిక్కిపడతారని నాకు తెలుసు. నేను మాత్రం పడలేదు. బావమరిది బతకగోరును, దాయాది చావగోరును అని మనవాళ్లు ఏనాడో తేల్చేశారు. ఏ బంధువు చేతికి ఆయుధం ఇవ్వవచ్చు, ఎవరి చేతికి ఇవ్వకూడదు అన్న విషయంలో ఇంత స్పష్టమైన మార్గదర్శకం అమెరికా ప్రభుత్వం దగ్గర కూడా లేదు. అడిగినవాడు మా పెదనాన్న కొడుకైతే ఈ వ్యాసం ఇక్కడితో ఆపేసి స్వెటర్ కొని పంపేవాణ్ని.

గ్రీన్‌కార్డ్‌కీ రివాల్వర్‌కీ సంబంధమేమిటి అని మా ఆవిడ అనుమానం. ఉంది. హెచ్-1బీ లాంటి తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్లు తుపాకి దగ్గర పెట్టుకోకూడదని ఇక్కడి కేంద్ర చట్టం. కానీ తలుపు మూసిన ఆ చట్టమే ఒక కిటికీ తెరిచి ఉంచింది: వేట లైసెన్స్ ఉంటే పెట్టుకోవచ్చు. పన్నెండేళ్లు పన్నులు కట్టాడు, ఇల్లు కొన్నాడు, ఒక్క పార్కింగ్ టికెట్ కూడా లేదు, ఇవేవీ లెక్కలోకి రావు. కుందేళ్లను కొడతానని ఒక కాగితం చూపిస్తే మాత్రం నమ్మకస్తుడు. మావాడు గుడ్డు కూడా తినడు. ఆ కాగితం అడగడానికి మొహమాటపడి ఇన్నేళ్లు ఆగాడు. ఇప్పుడు శాకాహారిగా ఉంటూనే తుపాకి పట్టుకునే అర్హత వచ్చింది.

సరే, కానుక అన్నాక తెలుసుకుని కొనాలి. వారం రోజులు కూర్చుని చదివాను.

.22 అంటే గుండు వ్యాసం అంగుళంలో అయిదో వంతుకి కాస్త ఎక్కువ. మామూలు తూటాలకు నిప్పంటించే మందు అడుగున మధ్యలో ఉంటుంది. దీనికి అడుగు అంచులో ఉంటుంది, అందుకే రిమ్‌ఫైర్ అన్నారు. పట్టుచీర ఖరీదంతా జరీ అంచులో ఉన్నట్టన్నమాట. ట్రిగ్గర్ నొక్కితే పిన్ను వచ్చి ఆ అంచును నలగ్గొడుతుంది, మందు అంటుకుంటుంది, గుండు పోతుంది. నలిగిన అంచు మళ్లీ పనికిరాదు కాబట్టి ఖాళీ తొడుగు తిన్న విస్తరాకే. సెంటర్‌ఫైర్ వాడేవాళ్లు తొడుగులు ఏరుకుని మళ్లీ మందు నింపుకుంటారు. మా బావమరిది పెరుగు డబ్బాలు కూడా పారెయ్యని మనిషి, ఈ ఒక్క విషయంలో మాత్రం కాస్త బాధపడతాడు.

ఈ జాతికి మూలపురుషుడు 1857లో స్మిత్ అండ్ వెసన్ అనే తుపాకుల కంపెనీ చేసిన మోడల్ 1. ఏడు గుళ్లు. తూటాలు పట్టే సిలిండర్‌కి ఈ చివర నుంచి ఆ చివరకి రంధ్రం చేసి తూటాలు వెనకనుంచి పెట్టాలన్న ఆలోచన వాళ్లది కాదు, రోలిన్ వైట్ అనే ఆయనది. పేటెంట్ ఆయనదే. ఒక్కో రివాల్వర్‌కి ఆయనకి పావు డాలర్ ఇస్తామన్నారు. కాకపోతే ఎవరైనా కాపీ కొడితే కోర్టు ఖర్చులు మాత్రం ఆయనే పెట్టుకోవాలన్నారు. పాపం, కేసుల వెంట తిరిగాడు. చివరికి తనకి మేలు చేసే బిల్లును అమెరికా కాంగ్రెస్ ఆమోదించినా, 1870లో అధ్యక్షుడు గ్రాంట్ వీటో చేశాడు. ఇల్లు అల్లుడి పేర, ఇంటి పన్ను మామగారి పేర రాసే ఒప్పందాలు మన దగ్గరే ఉన్నాయనుకునేవాణ్ని.

ఇక ఎంపిక. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రశ్నలుండవు. ముందుగా సింగిల్ యాక్షనా, డబుల్ యాక్షనా? సింగిల్ యాక్షన్‌లో ప్రతి గుండుకీ ముందు వెనకనుండే హ్యామర్‌ని, అంటే చిన్న సుత్తిని, బొటనవేలితో వెనక్కి లాగాలి, ఆ తర్వాతే ట్రిగ్గర్. అంటే ప్రతిసారీ ఒక్క క్షణం ఆలోచించుకునే వీలుంటుంది. ఇలాంటి ఏర్పాటు మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపుకి ఉంటే రెండు కుటుంబాలు ఇవాళ్టికీ మాట్లాడుకుంటూ ఉండేవి. డబుల్ యాక్షన్‌లో ఈ బాదరబందీ లేదు, ట్రిగ్గర్ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. కాకపోతే నొక్కడం బరువుగా ఉంటుంది. అంచు నలగాలంటే దెబ్బ గట్టిగా పడాలి మరి.

సింగిల్ యాక్షన్‌లో తూటాలు కూడా పక్కన చిన్న తలుపు తీసి ఒక్కొక్కటే ఎక్కించాలి. ఖాళీ అయ్యాక కడ్డీతో ఒక్కొక్కటే బయటికి తొయ్యాలి. పూర్వం పంక్తి భోజనాల్లో ఒక్కడే వడ్డించుకుంటూ వెళ్లినట్టు ఉంటుంది. డబుల్ యాక్షన్ బఫే. స్మిత్ అండ్ వెసన్ 617కి పది గుళ్లు పడతాయి, అన్నీ ఒక్కసారే తీసిపారెయ్యవచ్చు. ధర చూశాను. మా పెళ్లికి మావాడు నాకు పెట్టిన వాచీని గుర్తు చేసుకున్నాను. పేజీ మూసేశాను.

ఒకే ఫ్రేముకి రెండు సిలిండర్లు ఇచ్చే రకం కూడా ఉంది. లాంగ్ రైఫిల్ తూటాలకు ఒకటి, మాగ్నమ్ తూటాలకు ఇంకొకటి. పేరుకి రెండూ .22 అయినా మాగ్నమ్ కాస్త లావు. పొరపాటున సన్నవాటిని లావు సిలిండర్‌లో పెడితే వదులుగా కూర్చుని తొడుగు చీలిపోవచ్చు. టీవీ రిమోట్‌తో ఏసీ ఆన్ చెయ్యడానికి ప్రయత్నించే ఇంట్లో ఈ ఏర్పాటు వద్దనుకున్నాను.

చివరికి 2019లో రూగర్ తెచ్చిన ర్యాంగ్లర్ దగ్గర ఆగాను. ఆరు గుళ్లు, సింగిల్ యాక్షన్. అది మార్కెట్లోకి వచ్చినప్పుడు కంపెనీ చెప్పిన ధర 249 డాలర్లు. బావమరిది స్థాయికి సరిపోయే కానుక. నా స్థాయికి కూడా. పైగా డీలరు చేతి తుపాకి అమ్మినప్పుడు తాళంలాంటి భద్రతా సాధనం ఒకటి తప్పక ఇవ్వాలని 2005 నుంచి చట్టం ఉంది. తాళం ఫ్రీ అనగానే మా ఆవిడకి కూడా వస్తువు మీద సదభిప్రాయం కలిగింది.

"అయినా చిన్నదేగా, బొమ్మలాంటిది" అంది.

అందరూ ఇదే మాట. పిల్లలకు గురి నేర్పడానికి వాడతారట. చప్పుడు తక్కువట, చెయ్యి అదరదట. మామూలు గుండు బరువు రెండున్నర గ్రాముల కంటే కాస్త ఎక్కువ, అంతే. పోపులో వేసే ఆవాలు అంతకంటే బరువు. నేను కూడా అలాగే అనుకుని, ఇంత చిన్నదాన్ని కొనడానికి దుకాణంలో అంత పెద్ద ఫారం ఎందుకు నింపాలో కనుక్కుందామని చరిత్రలో వెనక్కి వెళ్లాను. వెళ్లకుండా ఉండాల్సింది.

1968 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌లో ఒక హోటల్ వంటగది పక్కన అధ్యక్ష పదవికి పోటీలో ఉన్న రాబర్ట్ కెనడీని కాల్చింది .22 రివాల్వరే. ఐవర్ జాన్సన్ కంపెనీది, ఎనిమిది గుళ్లది. ఆ అక్టోబరులో గన్ కంట్రోల్ చట్టం వచ్చింది. తుపాకి కొనేవాడు ఇవాళ నింపే 4473 ఫారం ఆ చట్టం సంతానం. 1981 మార్చి 30న వాషింగ్టన్‌లో అధ్యక్షుడు రీగన్ మీద రెండు సెకన్ల లోపు ఆరు గుళ్లు పేల్చింది కూడా .22 రివాల్వరే. డాలస్‌లో ఒక తాకట్టు దుకాణంలో కొన్నది. ఒక గుండు కారుకి తగిలి పక్కకి మళ్లి రీగన్ ఎడమ చంక కింద నుంచి ఊపిరితిత్తిలోకి వెళ్లింది, గుండెకి అంగుళం దూరంలో ఆగింది. ఇంకొకటి ఆయన పత్రికా కార్యదర్శి జేమ్స్ బ్రేడీ తలలో దిగింది. 1993లో ఆయన పేరు మీద చట్టం వచ్చింది, 1998 నుంచి కౌంటర్ దగ్గరే కొనేవాడి చరిత్ర వెతికే ఏర్పాటు వచ్చింది. 2014లో బ్రేడీ చనిపోయినప్పుడు వైద్య పరీక్షాధికారి దాన్ని హత్య అని రాశారు. 33 ఏళ్ల కిందటి ఆ గాయం వల్లే అని.

కాబట్టి ఆ ఫారమూ చిన్న రివాల్వర్ పెట్టిన భిక్షే, ఆ తనిఖీ కూడా చిన్న రివాల్వర్ పెట్టిన భిక్షే. ఈ సంగతి మా ఆవిడకి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "తాళం పెద్దది ఇమ్మని అడగండి" అంది.

ఇప్పుడు అసలు చిక్కు. ఆ ఫారంలో ఒక ప్రశ్న ఉంది: దీన్ని నిజంగా కొంటున్నది మీరేనా? వేరేవాళ్ల తరఫున వాళ్ల డబ్బుతో కొంటూ అవును అని రాస్తే అబద్ధం. పదేళ్ల దాకా జైలు. కానుకగా ఇవ్వడానికైతే అవును అని రాయవచ్చు. కానీ కానుక అంటే ఏమిటో కూడా అక్కడే రాశారు. పుచ్చుకునేవాడు దానికోసం డబ్బు గానీ, విలువైన వస్తువు గానీ, ఏదైనా పని గానీ ఇచ్చి ఉండకూడదు, ఇస్తానని అని ఉండకూడదు.

ఈ నిర్వచనం రాసినవాడు మన పెళ్లికి ఎప్పుడూ రాలేదని చెప్పగలను. తిరిగి ఏమీ ఆశించని కానుక మా వంశంలో నాకు తెలిసి ఒక్కటీ లేదు. చదివింపుల పుస్తకం ఉన్నదే అందుకు కదా! ఫలానావారు నూటపదహార్లు అని మైకులో చదివి, పుస్తకంలో రాసి, ఇరవై ఏళ్ల తర్వాత వాళ్లమ్మాయి పెళ్లికి ఆ పేజీ తీసి చూసుకుని మరీ వెళతాం. పళ్లెం ఖాళీగా తిరిగి ఇస్తే తప్పు, కనీసం పంచదార పలుకైనా వెయ్యాలి. అమెరికా చట్టం ప్రకారం మనది సంస్కృతి కాదు, ముఠా.

నేను అతిగా భయపడుతున్నానని అనుకునేవాళ్లకి అబ్రామ్‌స్కీ కేసు మనవి చేస్తాను. వర్జీనియాలో ఒక మాజీ పోలీసు. పెన్సిల్వేనియాలో ఆయన మామ. మామగారికి గ్లాక్ పిస్టల్ కావాలి. పోలీసు డిస్కౌంట్ వస్తుంది కదా, నేను కొనిపెడతానన్నాడు మేనల్లుడు. మామ 400 డాలర్ల చెక్కు పంపాడు. పద్ధతి గల మనిషి కాబట్టి చెక్కు మీద కింద 'గ్లాక్ 19 హ్యాండ్‌గన్' అని రాశాడు కూడా. మేనల్లుడు నిజమైన కొనుగోలుదారుణ్ని నేనే అని ఫారం నింపాడు. తర్వాత మామ ఉన్న రాష్ట్రంలో డీలరు దగ్గరికి వెళ్లి, ఆయనతో మళ్లీ ఫారం నింపించి, తనిఖీ చేయించి, చట్టప్రకారం చేతికిచ్చాడు. మామకి తుపాకి ఉండటంలో ఏ తప్పూ లేదు. అయినా 2014లో సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు చీలి, అబద్ధం అబద్ధమే అంది. అయిదేళ్ల ప్రొబేషన్ ఖాయమైంది. డిస్కౌంట్ కోసం చేసిన బంధుసేవకి ఇంత శిక్ష పడితే మన జాతి ఎలా బతుకుతుంది?

పాఠకులు గమనించాలి. మామ, మేనల్లుడు, వేరు వేరు రాష్ట్రాలు. నేను, బావమరిది, టెక్సస్, ఒహాయో. ఇక్కడ కొన్న రివాల్వర్‌ని నేరుగా మావాడి చేతిలో పెట్టడానికి వీల్లేదు. ఒహాయోలో డీలరు దగ్గరికి చేరాలి, మావాడు అక్కడ ఇంకో ఫారం నింపాలి. ఇంత తిరగడమెందుకు, దుకాణం గిఫ్ట్ కార్డు పంపిస్తే వాడే కొనుక్కుంటాడు కదా అని తెలిసినవాళ్లు సలహా ఇచ్చారు. అది తెలివైన పనే. కానీ మా అత్తగారి వైపు గిఫ్ట్ కార్డు ఇవ్వడమంటే మొహాన డబ్బు కొట్టినట్టు. మొహాన కొట్టనిది ఏదైనా ఇవ్వాలి, అది రివాల్వరైనా సరే.

అందుకని బావమరిదికి ఫోన్ చేసి గట్టిగా చెప్పాను. "ఒరేయ్, ఇది కానుక. నువ్వు నాకేమీ ఇవ్వకూడదు. ఎయిర్‌పోర్టుకి కారు తీసుకురావద్దు. నా లాప్‌టాప్ బాగుచెయ్యద్దు. మా పిల్లాడికి ఇంటర్న్‌షిప్ చూస్తానన్నావు, అది కూడా చూడద్దు."

"అలాగే బావా, నువ్వు ఎలా చెబితే అలా" అన్నాడు. మావాడు మాట జవదాటడు.

శనివారం దుకాణానికి వెళ్లాను. కౌంటర్ వెనక పెద్దాయన మర్యాదగా ఫారం ఇచ్చాడు. పేరు రాశాను, ఊరు రాశాను, ఎత్తు రాశాను, బరువు కొంచెం తగ్గించి రాసి, అబద్ధానికి శిక్ష గుర్తొచ్చి దిద్దాను. నిజంగా కొంటున్నది మీరేనా అన్న గడి దగ్గర పెన్ను పెట్టాను. జేబులో ఫోన్ మోగింది. జెల్‌లో (ఇక్కడి ఫోన్‌పే లాంటిది) డబ్బు వచ్చిందని మెసేజ్. మూడు వందల పదహారు డాలర్లు. కింద మెమోలో ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు: 'రివాల్వర్‌కి. ఊరికే తీసుకుంటే అక్క తిడుతుంది. చిన్న మొత్తమే కదా బావా, ఉంచు.'